చిల్లర వాడి చేతికే

ఏం వదినా, గోరింటాకు కోస్తున్నావా? ఆమధ్య కొట్లో మా చిన్నాడు బొమ్మకారు అడిగితే "డబ్బుల్లేవురా" అన్నాను. "అయితే స్కాన్ చెయ్యమ్మా" అన్నాడు! ఆరేళ్లవాణ్ణి ఏమనగలం? పాలకీ ఫోనే, కూరలబండికీ ఫోనే. నోటివ్వడం, చిల్లర తీసుకోవడం, పర్సు ఖాళీ అవడం కళ్లబడితే కదా డబ్బు అయిపోతుందని తెలిసేది!

అందుకే మర్నాడు పొద్దున వాడి చేతికే 50 రూపాయలిచ్చి కొత్తిమీర, పచ్చిమిర్చి తెమ్మన్నాను. గేటు దగ్గర నేను నించునే ఉన్నాలే. వచ్చాక రూపాయి, రెండు, ఐదు బిళ్లలు పేర్చి ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో! పుస్తకంలో కూడికలు ఇంత ఇష్టంగా చెయ్యడు.

ఆ చిల్లర దాచుకోడానికి మట్టి కిడ్డీబ్యాంకు కొందామన్నారు మావారు. నేను గాజుసీసా కడిగిచ్చాను. ఈ వయసుకి లోపలున్నది కనపడాలి వదినా. ఏడాది ఆగమంటే ఆగలేరు, రెండు మూడు వారాల్లో తీరే కోరికైతే ఓపిక పడతారు. వాడి కారు 120 రూపాయలు. కొన్న సాయంత్రమే చక్రం ఊడినా మళ్లీ కొననని ముందే చెప్పాను. నీకు కఠినంగా అనిపించొచ్చు. ఆ బాధేదో ఇప్పుడైతే 120 రూపాయలతో పోతుంది.

ఒకరికి ఇవ్వడం సంగతిలో మాత్రం తొందరపెట్టను. సంక్రాంతి నెలలో హరిదాసు వస్తే పిల్లల దోసిట్లో బియ్యం పోసి ఆయన పాత్రలో వేయిస్తాం, చేత్తో ఇవ్వడం అలా అలవాటవుతుంది. కానీ ఆ బియ్యం మనవి, సీసాలోది వాడిది. మొన్న స్నేహితుడికి పెన్సిల్ లేదని వాడంతట వాడే 5 రూపాయలు తీశాడు. చూసి ఊరుకున్నాను. పొగిడితే రేపు మెప్పు కోసం ఇస్తాడు.

మా పెద్దాడికి 10 ఏళ్లు నిండాయిగా, పోస్టాఫీసులో వాడి పేరనే పొదుపు ఖాతా తెరుస్తున్నాం. 500 రూపాయలుంటే చాలు, వాడి సంతకంతోనే నడుస్తుంది. మీ పాపకి ఇంకా ఎనిమిదేళ్లేగా? ఆడపిల్లల సుకన్య సమృద్ధి ఖాతా 10 ఏళ్లలోపే తెరవాలి, ఏడాదికి కనీసం 250 రూపాయలు. కడుతున్నప్పుడల్లా ఆ పాస్‌బుక్కు దానిచేత చదివించు, లేకపోతే అది నీ పొదుపుగానే ఉండిపోతుంది. సోమవారం వెళ్తున్నాను, పాప పుట్టినతేదీ సర్టిఫికెట్, నీ ఆధార్, పాన్ కార్డు, ఫొటోలు పట్టుకుని నువ్వూ రా. పిల్లల్నీ తీసుకెళ్దాం.