నడిమి గొంతు

ఆర్కెస్ట్రాలో అందరి చూపూ వయొలిన్ల మీదే. నా చెవి మాత్రం వయోలాను వెతుక్కుంటుంది. వయొలిన్‌కు అక్కలా ఉంటుంది. కాస్త పెద్దది, గొంతు మందం. బాణీ దానికి దక్కడం తక్కువ. పక్కవాళ్ల బాణీకి అండగా నిలవడమే దాని పని.

చెక్ స్వరకర్త ఆంటోనిన్ డ్వోర్జాక్ 1862 నుంచి 1871 దాకా ప్రేగ్‌లో ఒక నాటకశాల ఆర్కెస్ట్రాలో ఆ పనే చేశాడు. తండ్రిది మాంసం కొట్టు. జీతం చాలక పియానో పాఠాలు చెప్పేవాడు. కొలువులో ఇతరుల సంగీతం వాయించి, మిగిలిన వేళల్లో తనది రాసుకునేవాడు.

పేరొచ్చాక, 1893లో అమెరికాలో రాసిన నాలుగు వాద్యాల కృతిలో తొలి బాణీని వయొలిన్‌కివ్వలేదు. వయోలాకే ఇచ్చాడు. అది విన్నప్పుడల్లా, రోజూ అందరికీ వడ్డించి చివర్న తినే అమ్మకు ఎవరో మొదటి విస్తరి వేసినట్టనిపిస్తుంది నాకు.