వేళ్లకు కళ్లెం వేసే ఊరు

ఆదివారం. మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు. వార్సాలోని వజెంకి పార్కులో పచ్చిక కనపడదు... అంతా మనుషులే! పోలండ్ రాజధానిలో మే నెల మధ్య నుంచి సెప్టెంబరు చివరిదాకా వారం వారం ఇదే సందడి. తాతలు బెంచీల మీద, పిల్లలు దుప్పట్ల మీద, కొత్త జంటలు గులాబీ మొక్కల పక్కన. గాలికి వంగిన విల్లో చెట్టు కింద కూర్చున్నట్టు చెరువు ఒడ్డున ఓ కంచు విగ్రహం. దాని పాదాల దగ్గర ఓ పియానో. టికెట్టు లేదు. 1959 నుంచీ ఉచితమే. వినిపించేది ఫ్రెడెరిక్ షోపాన్ సంగీతం.

ఆ విగ్రహాన్ని 1926లో ఆవిష్కరించారు. 1940లో జర్మన్లు దాన్ని పేల్చేశారు. ఆక్రమణ కాలంలో షోపాన్ సంగీతాన్ని నలుగురిలో వాయించడం మీదా నిషేధమే. యుద్ధం ముగిశాక, 1958లో, విగ్రహాన్ని మళ్లీ నిలబెట్టారు. ఊరి విమానాశ్రయానికి ఆయన పేరే. వీధుల్లో నల్లరాతి బెంచీలున్నాయి, మీట నొక్కితే ఆయన బాణీ పలుకుతుంది. ఇంత ప్రేమ ఉన్నచోట గుండెలు బాదుకునేలా వాయిస్తేనే మెచ్చుకుంటారు అనిపిస్తుంది కదా? అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు!

మెల్లగా... ఇంకా మెల్లగా

షోపాన్ 39 ఏళ్లు బతికారు. జనం ముందు చేసిన కచేరీలు ముప్పై, అటూఇటూగా... అంతే. పెద్ద హాలంటే ఆయనకి బెదురు. పదిమంది స్నేహితులున్న గదిలో, దీపాలు తగ్గించుకుని వాయించడం ఇష్టం. 1829లో వియన్నాలో వాయిస్తే, మరీ నెమ్మదిగా ఉందని కొందరు సణిగారట. గట్టిగా వాయించాడు అనిపించుకోవడం కన్నా అదే నయం అని ఇంటికి ఉత్తరం రాశారాయన.

1848 ఫిబ్రవరిలో పారిస్‌లో చివరిసారి కచేరీ చేశారు. అప్పటికి క్షయలాంటి జబ్బుతో ఒళ్లు చిక్కిపోయింది. ‘బార్కరోల్’ అనే తన రచనలో చివరి భాగం ఉరుములా మోగాలి. అంత సత్తువ లేదు. దాంతో ఆ భాగాన్ని గుసగుసలాగా వాయించారు. అక్కడున్న పియానిస్టు చార్లెస్ హాలే తర్వాత గుర్తు చేసుకుంటూ, ఇదే అసలు పద్ధతేమో అనిపించేంత బాగుందన్నాడు.

మరి ఇప్పటి పియానో? అరటన్ను బరువు, లోపల ఇనుప చట్రం. అక్టోబరులో పోటీలు జరిగే ఫిల్‌హార్మోనిక్ హాల్లో వెయ్యిమందికి పైగా కూర్చుంటారు. చేతిలో అంత శబ్దం ఉన్నప్పుడు వాడకుండా ఉండటం మాటలా!

ఎడమ చెయ్యి తాళం, కుడి చెయ్యి గానం

షోపాన్ రచనల్లో కాలాన్ని కాస్త సాగదీయొచ్చు, కాస్త కుదించొచ్చు. దీన్ని ‘రుబాటో’ అంటారు. దొంగిలించిన కాలం అని అర్థం. దొంగతనమన్నాక హద్దు ఉండాలిగా! ఎడమ చెయ్యి తాళం తప్పకూడదు, కుడి చెయ్యి మాత్రమే దాని మీద తేలుతూ పాడాలి అని శిష్యులకి చెప్పేవారు. కచేరీలో గాయకుడు ఎంత దూరం పోయినా మృదంగం దారి తప్పదు చూడండి, అలాగన్నమాట. ఆయన బల్ల మీద మెట్రోనోమ్, అంటే టిక్‌టిక్ మంటూ లయ చెప్పే పరికరం, ఎప్పుడూ ఉండేదని శిష్యుడు మికులీ చెప్పాడు. పియానో నేర్చుకోవాలంటే ఒపేరా గాయకుల్ని వినమనేవారు కూడా.

అన్నిటికన్నా చిక్కు మజుర్కాలతో. ఇవి పోలండ్ పల్లె నాట్యాలు. మూడు దెబ్బల లయ. కానీ ఊనిక ఒకసారి రెండోదాని మీద, ఒకసారి మూడోదాని మీద పడుతుంది. ఒకరోజు షోపాన్ మజుర్కా వినిపిస్తుంటే సంగీతకర్త మేయర్‌బేర్ వచ్చి ఇది రెండు దెబ్బల లయే అన్నాడు. మెత్తని మనిషి షోపాన్, పట్టరాని కోపంతో పెన్సిల్‌తో పియానో మీద తాళం వేస్తూ మూడు లెక్కపెట్టారట. పోటీల్లో మజుర్కాలకి విడిగా బహుమతి ఉండటం ఊరికే కాదు. 1927లో పోటీ మొదలైనప్పటి నుంచీ అది ఉంది.

1980లో అయిన రభస

పోటీ అయిదేళ్లకోసారి. ఆ ఏడాది యుగోస్లావియా కుర్రాడు, 21 ఏళ్ల ఇవో పొగొరెలిచ్ వచ్చాడు. వేగం తన ఇష్టం, శబ్దం తన ఇష్టం. రాసిన గుర్తుల్ని కూడా పక్కన పెట్టేవాడు. కొందరు జడ్జీలు ఆకాశానికెత్తారు, కొందరు అడుగు మార్కులు వేశారు. ఫైనల్‌కి పంపలేదు. అతను మేధావి అంటూ 1965 విజేత మార్తా ఆర్గెరిచ్ జడ్జీ పదవి వదిలేసి వెళ్లిపోయారు. పొగొరెలిచ్ ఓడిపోయి ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు!

ఆ గొడవలో అసలు విజేతని చాలామంది మర్చిపోయారు. వియత్నాం కుర్రాడు డాంగ్ థాయ్ సన్. ఈ పోటీ గెలిచిన మొదటి ఆసియావాసి. హనోయ్ మీద బాంబులు పడుతుంటే అతని సంగీత పాఠశాల పల్లెకి తరలిపోయింది. పియానో టీచరైన తల్లి 1970లో ఈ పోటీకి అతిథిగా వచ్చి, రికార్డులు, స్వరపుస్తకాలు మోసుకెళ్లింది. ఆయన వాయిద్యంలో ఎక్కడా కేక ఉండదు. తర్వాత గురువయ్యారు. 2021లో గెలిచిన బ్రూస్ లియూ ఆయన శిష్యుడే.

ఎవరిది సరైన దారి? వార్సా ఇప్పటికీ తేల్చుకోలేదు. 2018లో షోపాన్ కాలం నాటి తేలిక పియానోల మీద వేరే పోటీయే మొదలుపెట్టింది. ఆ వాద్యాల మీద బలం చూపిస్తే తీగలు గరగరలాడతాయి తప్ప పాట రాదు. ఆయన చివరిగా వాయించిన ప్లేయెల్ పియానో ఓస్త్రోగ్స్‌కీ భవనంలోని మ్యూజియంలో ఉంది. ఆయన గుండె హోలీ క్రాస్ చర్చి స్తంభంలో ఉంది. పారిస్ నుంచి అక్క లూద్వికా తెచ్చింది. అక్టోబరు 17 ఆయన వర్ధంతి. పోటీ సాగుతున్నా ఆ రోజు విరామమే. చర్చిలో మోజార్ట్ రాసిన ‘రెక్వియమ్’ వినిపిస్తారు.

వార్సాకి పశ్చిమాన యాభై కిలోమీటర్లు వెళ్తే జెలజోవా వోలా. షోపాన్ పుట్టిన ఇల్లు. చుట్టూ తోట, పక్కనే ఉత్రాతా వాగు. వేసవి ఆదివారాల్లో ఇక్కడా కచేరీ ఉంటుంది. పియానిస్టు ఇంట్లో కూర్చుంటాడు, జనం బయట తోటలో. తల ఊపడాలు, కళ్లు మూయడాలు, చేతులు గాల్లోకి ఎగరేయడాలు... ఏవీ కనిపించవు. కిటికీలోంచి వచ్చేదే వినాలి. మెల్లని చోట్ల పిట్టలు కూడా అడ్డొస్తాయి. ఎవరూ విసుక్కోరు, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుంటారు.