కర్నూలులో కుట్టిన మస్యాఫ్ జుబ్బా

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, మాదాపూర్ ప్రాంతంలో హైటెక్స్ అనే ప్రదర్శనశాల ఉన్నది. మామూలు దినాలలో అక్కడ యంత్రపరికరాల ప్రదర్శనలు, వ్యాపార సదస్సులు జరుగుతుంటాయి. కామిక్ కాన్ అనే వేడుక జరిగే రోజులలో మాత్రం ఆ ప్రాంగణం మరొక లోకమవుతుంది. మేము వెళ్లిన శనివారం ఉదయం ద్వారం ముందు బారులో వెండిరంగు కవచం తొడిగిన యోధుడొకడు నిలబడి ఉన్నాడు. అతని వెనుక నీలి విగ్గు పెట్టుకున్న జపాను కథానాయిక, ఆమె వెనుక మంచినీళ్ల సీసా పట్టుకున్న స్పైడర్‌మాన్. ఒక మదరసా ఉపాధ్యాయునికి అక్కడేమి పని అని మా పాఠకులు అడగవచ్చు. ఆ బారులో మా మేనల్లుడు ఉన్నాడు. అతని వెంట మేము ఉన్నాము.

కల్పిత పాత్రల దుస్తులు స్వయంగా తయారు చేసుకొని సభలకు వెళ్లడం నిన్నమొన్నటి వింత కాదు. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకు మర్టిల్ డగ్లస్ అనే మహిళ తనకూ, తన మిత్రుడు ఫారెస్ట్ ఆకర్‌మన్‌కూ భవిష్యత్కాలపు దుస్తులు కుట్టి తెచ్చింది. 1980ల దశకంలో జపానువారు ఈ అభిరుచికి కాస్‌ప్లే అని పేరు పెట్టారు. మన దేశంలో కామిక్ కాన్ 2011లో ఢిల్లీలో మొదలై, తరువాత హైదరాబాదుకు వచ్చింది. పగటి వేషగాళ్లను చూసి పెరిగిన తెలుగువారికి వేషం మాట కొత్తది కాదు. కాకపోతే ఈ వేషానికి చదివింపులు లేవు, పైగా టిక్కెట్టు మనమే కొనుక్కోవాలి.

మేనల్లునికి పద్దెనిమిదేళ్లు. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతున్నాడు. అతని తండ్రి, మా బావగారు, ఆరేళ్ల క్రితం అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. నాటి నుండి మా చెల్లెలూ అతడూ కర్నూలులో మా ఇంటనే ఉంటున్నారు. అతడు ఎంచుకున్న పాత్ర పేరు అల్తాయిర్ ఇబ్న్ లా అహద్. యూబీసాఫ్ట్ అనే ఫ్రెంచి సంస్థ 2007లో విడుదల చేసిన ‘అసాసిన్స్ క్రీడ్’ అనే వీడియో గేమ్‌కు కథానాయకుడు. కథాకాలం క్రీ.శ. 1191, మూడవ క్రూసేడు నాళ్లు. డమాస్కస్, అక్కా, బైతుల్ మఖ్దిస్ వీధులలోనూ మస్యాఫ్ కోటలోనూ ఆట సాగుతుంది. ఈ ఊళ్ల పేర్లు అతని నోట వరుసగా విన్ననాడు మేము చేతిలోని పుస్తకం మూసి పక్కన పెట్టాము. తరగతిలో ఎన్నిసార్లు చెప్పినా పిల్లల తలకెక్కని మస్యాఫ్ ఇతనికి మెట్లతో సహా తెలుసు!

తెలిసినది ఆట మేరకే. మస్యాఫ్ సిరియా దేశంలో నిజారీ ఇస్మాయీలీల కోట. రషీదుద్దీన్ సినాన్ వారి నాయకుడు. సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ (రహ్మ) మీద 1175లో ఒకసారి, 1176లో మరొకసారి వారి మనుషులు హత్యాయత్నం చేశారు. 1176లోనే సుల్తాన్ మస్యాఫ్‌ను ముట్టడించి, కొద్దికాలానికే ముట్టడి ఎత్తివేశారు. “బైతుల్ మఖ్దిస్‌ను విడిపించిన మనిషిని చంపబోయినవారి వేషమా నీకు?” అని అడిగాము. “మామూ, కథ చివర అల్తాయిర్ తన గురువునే ఎదిరిస్తాడు. గురువు చెప్పినవి అబద్ధాలని తెలుసుకొని” అన్నాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ సమాధానం ఏమంత రుచించదు. అయినా ఆ రాత్రి ఇషా తరువాత చాలాసేపు సినాన్ గురించి, సుల్తాన్ గురించి అతడు అడుగుతూ పోయాడు, మేము చెబుతూ పోయాము.

ఇక్కడ దుస్తుల విషయం ఒకటి చెప్పాలి. ఆ కోట మనుషులకు తెల్లని తలముసుగు, ఎర్రని నడికట్టు గల వేషం ఉండేదనడం ఆట తయారు చేసినవారి ఊహ. రహస్యంగా పని ముగించవలసినవాడు దూరం నుండే గుర్తుపట్టగల బట్టలు కట్టుకోడు. 1192లో తూర్ నగరంలో కాన్రాడ్ అనే క్రైస్తవ ప్రభువును చంపినవారు క్రైస్తవ సన్యాసుల వేషంలో వచ్చారని చరిత్రకారులు రాశారు. అయితే ఆటలో ఒక చమత్కారం ఉన్నది. వీధులలో తెల్లని జుబ్బాలు ధరించిన పండితులు గుంపులుగా నడుస్తుంటారు. అల్తాయిర్ తల వంచి, చేతులు జోడించి వారి మధ్య కలిసిపోతే కాపలావారు అనుమానించక దారి ఇస్తారు. ఇది విని మాకు నవ్వు వచ్చింది.

ఇక పేరు. అరబీలో తాయిర్ అంటే ఎగిరేది. ‘అన్నస్రుత్తాయిర్’, అనగా ఎగిరే గద్ద అన్న మాట నుండే ఆకాశంలోని ఆల్టెయిర్ నక్షత్రానికి ఆ పేరు వచ్చింది. మన పంచాంగాలలో అదే శ్రవణా నక్షత్రం. ఇబ్న్ లా అహద్ అంటే ఎవరి కుమారుడూ కానివాడు. మేము ఈ అర్థం విడమరచి చెబుతున్న సమయాన చెల్లెలు పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతున్నది. ఆమె చేతిలో కత్తి ఆగింది. “తెలుసు మామూ” అన్నాడు మేనల్లుడు, తల ఎత్తకుండా. బిడ్డను తండ్రి పేరుతోనే పిలవాలన్నది మన ధర్మం. ఆ పాఠం అప్పుడు చెప్పాలని మాకు అనిపించలేదు.

మరునాడు చెల్లెలు పెట్టెలో నుండి బావగారి పండుగ జుబ్బా తీసి మా శ్రీమతి ముందు ఉంచింది. “భాబీ, వాడికి దీన్నే కత్తిరించి కుట్టండి” అన్నది. మా శ్రీమతి జుబ్బాను రెండు చేతులా విప్పి చూసింది కాని కత్తెర ముట్టలేదు. పాత వార్తాపత్రికలు అతికించి నేల మీద పరచి, వాటి మీద జుబ్బా ఉంచి, చుట్టూ పెన్సిలుతో గీసుకొని, తిరిగి మడతపెట్టి పెట్టెలో పెట్టించింది. ఆ కాగితాన్ని మేనల్లుని వీపుకు ఆనించి చూస్తే భుజం ఒక్క అంగుళమే ఎక్కువ ఉన్నది. ఆ అంగుళం తగ్గించవద్దని చెల్లెలు అన్నది.

మోటు నూలుబట్ట తెచ్చి, నడుము నుండి కిందికి ముందూ పక్కలా చీలికలు వదిలి కుట్టారు. కష్టమంతా తలముసుగుతోనే. అల్తాయిర్ ముసుగు అంచు నుదుటి మీదికి గద్ద ముక్కులా వాలి ఉంటుంది. ఉత్త బట్టతో కుడితే అది తడిసిన రుమాలులా వేలాడింది. చొక్కా కాలరులో వేసే బక్రం రెండు పొరలు పెట్టి, మధ్య గీత వెంట గట్టిగా కుట్టు వేసిన తరువాత, మూడవ ప్రయత్నంలో ముక్కు నిలబడింది. కొత్త బట్ట తెలుపు కళ్లకు కొడుతున్నదని టీ డికాక్షన్ కాచి, ఉప్పు వేసి, అందులో గంటసేపు నానబెట్టారు. ఎండలో ఆరేసరికి అది ఎడారి దారులలో తిరిగి వచ్చిన వస్త్రంలా తయారైంది.

నడుముకు ఎర్రని గుడ్డ. దాని మీది వెడల్పాటి తోలు పట్టీకి, ఆటో సీట్లు కుట్టే దుకాణంలో మిగిలిన గోధుమరంగు రెగ్జిన్ ముక్కలు సరిపోయాయి. ఖడ్గానికి, ముంజేతి తొడుగుకు, పసిపిల్లలు పాకడానికి నేల మీద పరిచే ఫోమ్ పలకలు వాడాడు. పలకను కోసి, కార్లకు స్టిక్కర్లు అంటించేవారి దగ్గర హీట్ గన్ అడిగి తెచ్చి, పైన వేడిగాలి కొట్టాడు. వేడికి ఫోమ్ మీది సన్నని రంధ్రాలు మూసుకొంటాయి. లేకుంటే వేసిన రంగునంతా అది తాగేస్తుంది. చెప్పులు కుట్టేవారు వాడే జిగురును రెండు ముక్కలకూ పూసి, వేలికి అంటనంత ఆరిన తరువాతనే అతికించాలి. ఒకసారి అతికితే మరి ఊడదు గనుక కుదురుగా పెట్టాలి. ఆ వాసనకు తల తిరుగుతుంది. ఈ పని మాత్రం మేడ మీదనే చేయాలని మేము ఆజ్ఞ వేశాము. పైన నీళ్లు కలిపిన ఫెవికాల్ నాలుగు పూతలు, దాని మీద వెండిరంగు, ఆ మీద పలుచని నల్లరంగు పూసి వెంటనే తుడిచేశాడు. నలుపు సందులలో నిలిచి, ఖడ్గానికి వందేళ్ల వయసు వచ్చింది.

అల్తాయిర్ ఎడమ ముంజేతిలో దాచిన కత్తి ఒకటి ఉంటుంది. దాని కోసమే ఉంగరపు వేలు తీసివేయబడి ఉంటుంది. ఆట కోసం అవయవం పోగొట్టుకోవడం ఏమి వీరత్వమని మేము అన్నాము. మేనల్లుడు నవ్వి, చేతి తొడుగులో ఆ వేలిని లోపలికి మడిచి కుట్టేశాడు. కత్తి జారడానికి సొరుగు చానల్ వాడాలనుకున్నాడు. లోహపు ఆయుధాలు లోపలికి రానివ్వరని తెలిసి, అట్టతో ఒక సన్నని ఒర చేసి, రబ్బరు బ్యాండ్లతో ఫోమ్ కత్తిని అమర్చాడు. పదిసార్లలో ఏడుసార్లు పని చేసేది. మొత్తం ఖర్చు 1,900 రూపాయలు. సెలవులలో పిల్లలకు ట్యూషన్ చెప్పి కూడబెట్టిన సొమ్ము అది. నెలన్నర పాటు ఒక్క నమాజు కూడా ఈ పని వల్ల తప్పలేదన్నది మా లెక్క.

కర్నూలు నుండి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి బస్సెక్కి, తెల్లవారకముందే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లో దిగాము. అక్కడి నుండి మెట్రోలో అమీర్‌పేట, అక్కడ మారి హైటెక్ సిటీ, ఆపై ఆటో. వేషం రోడ్డు మీద ధరించరాదని ముందే చెప్పి, అంతా సంచిలో పెట్టించాము. దారిలో ఒకచోట సామాను తనిఖీ చేశారు. ఆ చోటు పేరు ఇక్కడ అనవసరం. కాపలా ఉద్యోగి ఖడ్గాన్ని బయటికి తీసి, వంచి చూసి, “బాగా చేశావు తమ్ముడూ” అని మేనల్లుణ్ణి పంపించాడు. తరువాత మా గడ్డాన్నీ జుబ్బానూ చూశాడు. ఎక్కడి నుండి, ఎందుకు, ఏమి ఉద్యోగం? ఆధార్ కార్డు చూపించాము. మదరసా అన్న మాట విని మరొకరిని పిలిచాడు. మా చిన్న సంచిలో ఒక జానమాజ్, రెండు అరటిపండ్లు ఉన్నాయి. పావుగంట పట్టింది. మేనల్లుడు అవతల ముఖం ఎర్రబడి నిలబడి ఉన్నాడు. మేము చేరుకోగానే సంచి భుజానికెత్తుకొని మెల్లగా అన్నాడు: “ఆటలో అయితే మామూ, మీతో నడిస్తేనే కాపలావాళ్లు నన్ను వదిలేస్తారు.”

హైటెక్స్ లోపల రొద ఎక్కువ. చూపు దించుకోవలసిన వేషాలూ కొన్ని ఉన్నాయి. బొమ్మల దుకాణాలలో ధరలు విని మేము రెండవసారి అడగలేదు. అయితే వేషాలు కట్టిన పిల్లలు ఒకరినొకరు పలకరించుకొనే తీరు మాకు నచ్చింది. ఏ ఊరు, ఏ కులం అని కాదు, ఏ జిగురు వాడావు, ఆ అంచు ఎలా వంచావు అన్నవే మొదటి ప్రశ్నలు. మలేషియా, ఇండొనేషియా దేశాలలో హిజాబునే పాత్ర కేశాలుగా మలచి వేషం కట్టే యువతులు ఉన్నారు. ఇక్కడా తండ్రితో వచ్చిన ఒక అమ్మాయి నీలిరంగు హిజాబును అలాగే మడతలు పెట్టి కట్టుకున్నది. మా శ్రీమతికి చూపడానికి ఆ తండ్రి అనుమతి అడిగి, మడతల తీరు కాగితం మీద గీసుకొన్నాము.

జుహర్ వేళ భవనం పక్కన నీడ చూసుకొని జానమాజ్ పరిచాము. మేనల్లుడు ముసుగు వెనక్కి తీసి, తొడుగులు విప్పి, ఖడ్గం పక్కన పెట్టి మా వెనుక నిలబడ్డాడు. సలాం తిప్పి చూస్తే, వెండిరంగు కవచం కుర్రవాడు మా సామానుకు కాపలాగా అటు తిరిగి నిలబడి ఉన్నాడు.

పోటీకి ఫారం నింపాలన్నారు. తన పేరు, పాత్ర పేరు, అంతే అడిగారు. మేనల్లుడు తన పేరు పక్కన ఖాళీ చాలకపోయినా, చిన్న అక్షరాలతో తండ్రి పేరు కూడా ఇరికించి రాశాడు. వేదిక మీద ముంజేతి కత్తి మొదటిసారి జారలేదు, రెండవసారి జారింది. జనం అల్తాయిర్ అని కేకలు వేశారు. బహుమతి కవచం కుర్రవానికి వచ్చింది. వాని పని నిజంగా మేలైనదే.

ఆదివారం చెల్లెలు ఆ దుస్తులు ఉతికి ఆరవేసింది. టీ రంగు సగం పోయింది. మళ్లీ డికాక్షన్ కాచాలని మేనల్లుడు, తెల్లగానే బాగుందని ఆమె.