జిల్లా గీత దగ్గర ఆగిపోయిన ఏరు

నేను తయారుచేసిన పటంలో కుశస్థలి నది పళ్లిపట్టు పక్కన, తెల్ల కాగితంలోంచి ఉన్నట్టుండి పుట్టుకొచ్చేది. ఎగువన కొండ లేదు, వాగు లేదు, ఊరు లేదు. తిరువళ్లూరు జిల్లా సరిహద్దుకు అవతల ఉన్నదాన్నంతా నేనే కత్తిరించేశాను.

తిరుత్తణి వైపు తెలుగు మీడియం పిల్లలకు సోషల్ చెబుతాను. పటాలు గీసే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడే చేతికి అలవాటవుతోంది. నదులు, చెరువులు, రోడ్లు ఒక్కో లేయరుగా పేర్చి, పైన జిల్లా సరిహద్దు గీత ఉన్న షేప్‌ఫైల్ పెట్టి 'క్లిప్' నొక్కితే గీత బయటిదంతా మాయమై జిల్లా ఒక్కటే నీటుగా మిగులుతుంది. పరీక్షల్లో అడిగేది జిల్లా పటం, రాష్ట్ర పటం. ఫైలు తేలికవుతుంది, ప్రొజెక్టరు మీద శుభ్రంగా కనిపిస్తుంది. అంతకు మించి నేను ఆలోచించలేదు.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి తెర దగ్గరికి వచ్చింది. పళ్లిపట్టుకు పైన, తెల్లగా ఉన్న చోట వేలు పెట్టింది. "మా అవ్వోళ్ల ఊరు కార్వేటినగరం పక్కన టీచర్. ఏరు ఆణ్నించే వస్తాది. ఇందులో యాడ ఉండాది?" అంది. "అది మన జిల్లా కాదు కదమ్మా. జిల్లా వరకే చూడు" అన్నాను. ఆ పిల్ల వేలు తీసి, వెళ్లి కూర్చుంది. మిగతా పీరియడంతా ఎవరూ ఏమీ అడగలేదు. శ్రద్ధగా వింటున్నారనుకున్నాను.

ఆ అమ్మాయి చెప్పింది నిజం. జనం లవ, కుశ అని పిలుచుకునే రెండు ఏర్లు ఆంధ్ర వైపు నుంచి వచ్చి పళ్లిపట్టు దగ్గర కలుస్తాయి. కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం జలాశయం ఉంది. ఈశాన్య రుతుపవనాల వానలకు అది నిండి గేట్లు ఎత్తితే, ఇటు పెద్దగా వాన లేకపోయినా పళ్లిపట్టు చుట్టుపక్కల ఏటిమీది కాజ్‌వేలు మునిగిపోతాయి. ఆ ఏడాది కార్తీకంలో అదే జరిగింది. అవతలి ఒడ్డు ఊళ్ల పిల్లలు బడికి రాలేకపోయారు. ఇన్ని నీళ్లు ఎక్కడివి అన్న ప్రశ్నకు నా పటంలో జవాబు లేదు. జవాబు తెలిసిన పిల్లను నేనే కూర్చోబెట్టాను. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తిరుత్తణిలో పాఠం చెబుతూ ఈ పొరపాటు చేయడం ఇంకా పెద్ద తప్పు. ఈ ఊరు ఒకప్పుడు కార్వేటినగరం జమీందారీలోది. 1888లో సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టేనాటికి ఉత్తర ఆర్కాటు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి. మ.పొ. శివజ్ఞానం నడిపిన ఉత్తర సరిహద్దు పోరాటం, సరిహద్దుపై పటాస్కర్ తీర్పు, 1959 సరిహద్దు మార్పుల చట్టం, వీటన్నిటి తర్వాత 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అక్కడ చెంగల్పట్టు జిల్లా, 1997 నుంచి తిరువళ్లూరు జిల్లా. ఇన్ని మారినా ఊరు మాత్రం 13.18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 79.61 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరే ఉంది. ఈ చరిత్రంతా ఏటేటా పాఠంగా చెబుతూనే ఉన్నాను. కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడు మాత్రం సరిహద్దు గీత నేలమీద పుట్టుకతోనే ఉన్నట్టు నడుచుకున్నాను.

సెలవుల తర్వాత మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి కాగితంతో. సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు జిల్లాల్నీ రాష్ట్రాల్నీ బట్టి కోసినవి కావు. 15 నిమిషాల అక్షాంశం, 15 నిమిషాల రేఖాంశం చొప్పున గడులు కట్టి వేసినవి. పళ్లిపట్టు 57 ఓ/7లో, నగరి 57 ఓ/11లో, తిరుత్తణి 57 ఓ/12లో, పూండి 57 ఓ/16లో పడతాయి. వాటి ప్రింట్లను నేలమీద పక్కపక్కన పరిచి పిల్లలు ఏటిని వేలితో పట్టుకుపోయారు. కాగితం మారినా ఏరు తెగలేదు. నగరి నుంచి వచ్చే ఏరు కూడా చివరికి పూండి జలాశయం నీళ్లలోనే కలుస్తుందని అక్కడే కనిపెట్టారు.

ఆ తర్వాతే కంప్యూటరు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) 2009లో తెచ్చిన భువన్ పోర్టల్‌లో కార్టోశాట్ ఉపగ్రహం కొలిచిన నేల ఎత్తులు ఉచితంగా దొరుకుతాయి. నేలను 30 మీటర్ల గడులుగా కోసి ఒక్కో గడికి ఒక్కో ఎత్తు ఇస్తారు. ప్రతి గడి నీరూ పక్కనున్న పల్లపు గడిలోకి పోతుందని లెక్కకడితే, పూండి ఆనకట్ట దగ్గరికి ఏ ఏ నేలల నీరు చేరుతుందో సాఫ్ట్‌వేరే రంగు వేసి చూపిస్తుంది. రంగు రాష్ట్ర సరిహద్దును దాటి కార్వేటినగరం కొండల దాకా పాకింది. అవ్వ ఊరూ తన బడీ ఒకే రంగులో కనబడేసరికి ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

అయితే చెరువులున్న చోట లెక్క తప్పింది. చెరువు నేల చదునుగా ఉంటుంది, కట్ట వెడల్పు కొన్ని మీటర్లే. 30 మీటర్ల గడికి ఆ కట్ట ఆనదు. అందుకే కంప్యూటరు చెరువు మధ్యలోంచి బారులు తీరిన తిన్నని కాలువలు గీసింది, వాటిని కట్టను దూసుకుని బయటికి కూడా పంపింది. మొదటి పటం నాడైతే నేను దాన్నే నమ్మమని ఉండేదాన్ని. ఇప్పుడు పిల్లల్ని చెరువు కట్టమీదికి తీసుకెళ్లాను. తూము ఎక్కడ, కలుజు ఎక్కడ, పొర్లిన నీరు ఏ చెరువులోకి పోతుంది అని అక్కడి రైతుల్ని అడిగి, ఫోనులో ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు పట్టుకుని నోటుబుక్కులో రాసుకున్నారు. చెట్ల కింద ఫోను కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి కాస్త ఎడంగా నిలబడి రెండోసారి చూడమన్నాను. బడికి వచ్చాక కంప్యూటరు కాలువల్ని చెరిపేసి, తాము చూసినవాటిని గీశారు. టెక్నాలజీ తెచ్చానని సంబరపడే టీచర్లందరికీ ఈ ఒక్క పని చేసి చూడమని చెబుతాను. తెరమీద తప్పును సరిదిద్దిన పిల్లవాడు ఆ పటాన్ని మరిచిపోడు.

ఇంత చేసీ మళ్లీ అదే బోల్తా పడ్డాను. పూండి పరీవాహక ప్రాంతం గీతతో క్లిప్ చేసి, శుభ్రంగా ఉందని ప్రింటు తీశాను. కండలేరు నుంచి పూండికి వచ్చే కాలువ గీత అంచు దగ్గర తెగిపోయింది. ఆ కాలువలో వచ్చే తెలుగుగంగ నీళ్లు కుశస్థలివి కావు. 1983 ఒప్పందం ప్రకారం చెన్నైకి ఏటా 12 టీఎంసీలు చేరాల్సిన కృష్ణ నీళ్లు, శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు మీదుగా, ఊత్తుకోట దగ్గర ఇటు వస్తాయి. నేల వాలు లెక్కలో వాటికి చోటు లేదు. మనుషులు తవ్వుకున్న దారి అది.

అందుకే ఇప్పుడు క్లిప్ నొక్కే ముందు తరగతిని అడుగుతున్నాను, ఈ పటం ఎక్కడిదాకా ఉండాలని. శ్రీశైలం చాలని కొందరు, కృష్ణ పుట్టిన మహాబలేశ్వరం దాకా పోవాలని కొందరు. వాదన ఇంకా తెగలేదు. గోడకు అంటించడానికి ప్రస్తుతానికి శ్రీశైలం దాకా ప్రింటు తీశాం, పడమర వైపు కాగితం అతికించడానికి చోటు వదిలి.