మా పాత ఆయిల్ ఇంజను

షక్కర్‌నగర్‌లో 1937లో స్థాపితమైన చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన పిదప మా ఇంట చెరకు సాగు అరెకరానికి తగ్గింది. ఐదు అశ్వశక్తి ఆయిల్ ఇంజను కొట్టంలో మూలపడింది. ఈ వేసవిలో కరెంటు మోటారు కాలిపోగా, ఆ అరెకరమూ వాడుముఖం పట్టింది. నాన్నగారి అనుమతితో మేము ఇంజను విప్పాము.

హ్యాండిలు త్రిప్పి డీకంప్రెషన్ లీవరు వదలగానే ఫ్లైవీలు బిగువుగా నిలిచింది. అనగా రింగులు, వాల్వులు క్షేమమే. డీజిలు ఇంజనుకు స్పార్కు ప్లగ్గు లేదు. ఒత్తిడికి వేడెక్కిన గాలిలో నూనె తుంపరలుగా పడి మండాలి. కనుక లోపం నూనె త్రోవలోనే వెదకాలి. ట్యాంకు అడుగున తుప్పునీరు, ఫిల్టరులో నల్లని జిగురు! అన్నీ కడిగి కొత్త డీజిలు పోసినా ఇంజను పలకలేదు.

గొట్టంలో చేరిన గాలి పంపు ఒత్తిడికి తాను నలుగుతుందే గాని, నూనెను ముందుకు సాగనివ్వదు. పంపు వద్ద స్క్రూ సడలించి, నురుగు పోయి స్వచ్ఛమైన ధార వచ్చేదాకా కూర్చున్నాము. (ఇంత ఓపిక పరీక్షలకు చూపమని అమ్మ ఎత్తిపొడుపు!) మరల త్రిప్పగా నాజిలు కిర్రుమన్నది. లీవరు వదిలాము. నల్లని పొగ, ఆపై ఢుక్ ఢుక్.

మరునాడు బండిపై బావికి చేర్చాము. చీకటి పడేసరికి నాలుగు చాళ్లు తడిసాయి.