ఇంటూ కుట్టు, ఇన్నాళ్లకి

మా ఇళ్లలో ఒకప్పుడు ముసుగు లేని వస్తువు ఉండేది కాదు. రేడియోకి కవరు, తర్వాత టీవీకి కవరు, దిండ్లకి గలేబులు. అన్నిటికీ మ్యాటీ గుడ్డే, దాని మీద క్రాస్ స్టిచ్‌లో చిలకలో హంసలో. ఇంటూ కుట్టు అనేవాళ్లం. ఉద్యోగం, పిల్లలు, మామూలే. దారాల డబ్బా అటకెక్కింది.

రిటైరయ్యాక సికింద్రాబాద్ జనరల్ బజార్లో మ్యాటీ అడిగితే, కొట్టు కుర్రాడు "ఐడా క్లాతా ఆంటీ?" అన్నాడు. 14 కౌంటు, అంటే అంగుళానికి 14 గళ్లు. సూది ఎక్కడ దిగాలో గుడ్డే చెబుతుంది.

చిన్నవాటితో మొదలుపెట్టమన్నారు అందరూ. నేను ఒప్పుకోను; పెద్దది ఫ్రేములో బిగించి ఉంటేనే నాకు రోజూ కూర్చోబుద్ధవుతుంది. నెమలి ఎత్తుకున్నాను. అడ్డం 280 గళ్లు, నిలువు 210. మొత్తం నింపితే 58,800 ఇంటూలు. "ఈలోగా నిజం నెమలి గుడ్లు పెట్టి పొదిగేస్తుందే" అన్నారు మావారు.

దారంలో ఆరు పోగులుంటాయి, ఈ గుడ్డకి రెండు చాలు. నేను ఒక్క పోగునే పొడుగ్గా తీసి, సగానికి మడిచి, రెండు కొసలూ సూదిలోకి ఎక్కిస్తాను. అడుగు నుంచి పైకి తీసి, మళ్లీ కిందికి దించి, వెనక మిగిలిన మడతలోంచి సూది పోనిస్తే బిగుసుకుంటుంది. ముడి అక్కర్లేదు. స్కూల్లో కుట్ల టీచరుగారు గుడ్డ తిరగేసి, వెనక ముడులు చూసే మార్కులు వేసేవారు. ఆ భయం ఇంకా వేళ్లలో ఉంది.

నీలం మెడ దాకా బానే నడిచింది. ఈకల్లో ఆకుపచ్చలు మొదలయ్యాయి. ట్యూబులైటు కింద అన్ని ఛాయలూ ఒకటే. దాంతో నెమలి పగలు, బాల్కనీ వెలుతుర్లో. రాత్రిళ్లకి 42 గళ్ల చదరం, మూడంగుళాల ముక్క, ఒకటే రంగు: మనవరాలి పేరులో మొదటి అక్షరం.

దొరికే చార్టుల్లో ఇంగ్లీషు అక్షరాలే. తెలుగువి గ్రాఫు కాగితం మీద నేనే గీసుకోవాలి. తలకట్టు వాలుగా ఉంటుంది కనుక ఇంటూలకి లొంగుతుంది. 'ర' గుండ్రం తిప్పాలంటేనే తంటా, మెట్లుమెట్లుగా వస్తుంది. అంచు చుట్టూ ఒంటి పోగుతో బ్యాక్ స్టిచ్ వేస్తే కాస్త నునుపు తేలుతుంది.

ఇప్పుడు మా అపార్టుమెంటులో పిల్లలున్న ఇళ్లన్నీ అక్షరాలు అడుగుతున్నాయి. నెమలికి ఇంకా కాళ్లు రాలేదు.