షాబాదు బండ మీద పాదాలు

రాత్రి పదకొండు దాటితే చాచా మంచం దిగి కింద షాబాదు బండల మీద పడుకుంటాడట. మోకాళ్ళు మడిచి అరికాళ్ళు రెండూ చల్లటి బండకు ఆనిస్తాడు. ఆ బండ వేడెక్కితే పక్క బండకు జరుగుతాడు. తెల్లారేసరికి గది అవతలి మూలకు చేరి ఉంటాడు. ఇదంతా చెప్పింది చాచీ. ఆయన మాత్రం "పావాఁ జల్‌రే సాబ్" అని ఊరుకున్నాడు.

శాలిబండలో నా క్లినిక్‌కు వచ్చేవాళ్ళ నోట రోజూ వినే మాటే ఇది. లాల్‌దర్వాజ నుంచి వచ్చేవాళ్ళు "కారం పూసినట్టు మండుతున్నయి సారూ" అంటారు. ఏ భాషలో చెప్పినా షుగర్ నరాలను తినేస్తున్న సంగతే.

చాచాది లాడ్‌బజార్‌లో లక్క గాజుల పని. నలభై ఏళ్ళుగా నిప్పుల కుంపటి ముందు కూర్చుని లక్క కరిగిస్తాడు, అది గట్టిపడేలోపు రాళ్ళు అద్దుతాడు. పది గ్రాముల బరువుకు వంగే నైలాన్ దారాన్ని అరికాలికి నొక్కితే ఆయనకు తెలియనే లేదు. లుంగీ అంచు పాదం మీదికి జారితే మాత్రం ఉలిక్కిపడ్డాడు. ఇంట్లోవాళ్ళకు అర్థం కానిది ఇదే: మొద్దుబారిన కాలు మళ్ళీ మండడమేమిటి? దెబ్బతిన్న నరం బయటి కబురు మోయలేదు గానీ, ఏ కబురూ లేకుండానే మెదడుకు మంట మంట అని చెబుతూనే ఉంటుంది.

మాత్రలన్నీ అయ్యాయి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మింగినవాడు కాబట్టి బి12 కూడా చూశాను, సరిగానే ఉంది. ప్రెగాబాలిన్ పెంచితే కుంపటి ముందే తూగు. డులోక్సెటిన్‌తో వికారం. ప్రోస్టేట్ సమస్య ఉన్న మనిషికి అమిట్రిప్టిలిన్ ఇస్తే మూత్రం బిగుసుకుంటుందని నాకే భయం.

అప్పుడు బొటులినం మాట ఎత్తాను. జూబ్లీహిల్స్‌లో నుదుటి ముడతలకు వేయించుకునే మందే. "జహర్ హై క్యా?" అన్నాడు చాచా. జహరే. రెండు వందల ఏళ్ళ కిందట జర్మనీలో పాడైన సాసేజ్‌లు తిన్నవాళ్ళను చంపిన విషం. చిటికెలో చిటికె ఇస్తే నరాల కొసల నుంచి నొప్పిని రేపే రసాయనాలు బయటికి రాకుండా ఆపుతుంది. 2009లో తైవాన్ వైద్యులు 18 మంది షుగర్ రోగుల మీద చూస్తే, 8 మందికి పది మార్కుల నొప్పి కొలతలో మూడు, అంతకన్నా ఎక్కువ తగ్గింది. ఉత్తి సెలైన్ సూదికి ఎవరికీ అంత తగ్గలేదు. చిన్న పరీక్షే. ఈ నొప్పికి ఇది మొదట వాడే మందూ కాదు, మిగతావి అయిపోయాక ఆలోచించేది.

కొత్త మందు చేతికి వస్తే నాకు ఎడ్వర్డ్ లారీ గుర్తొస్తాడు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి సర్జన్. 1888, 1889ల్లో ఆరో నిజాం డబ్బుతో ఇక్కడే రెండు కమిషన్లు నడిపి, క్లోరోఫామ్ ప్రాణం తీసేది ఊపిరి ఆపే గానీ గుండెను ఏమీ చేయదని లోకానికి చాటాడు. తప్పని తర్వాత తేలింది. అబద్ధమాడలేదాయన, తన మందును మరీ ప్రేమించాడు.

జెద్దా నుంచి కొడుకు డబ్బు పంపాడు. 100 యూనిట్ల సీసా రెండు కాళ్ళకూ సరిపోతుంది. ఒక్కో పాదం పైన బాల్‌పెన్నుతో 12 చుక్కలు పెట్టి, చుక్కకు నాలుగు యూనిట్ల చొప్పున చర్మంలోకే ఎక్కించాను. దోమ కుట్టినట్టు దద్దులు లేచాయి. వారం దాకా ఏమీ లేదు. మూడో వారంలో చాచీ ఫోన్ చేసింది, మంచం మీదే పడుకున్నాడని.

లాల్‌దర్వాజ నుంచి వచ్చే ఒకామెకు కూడా ఇదే సూది, ఇదే లెక్క. ఏమీ తగ్గలేదు. ఆషాఢంలో ఉత్త కాళ్ళతో బోనమెత్తుకుని వెళ్ళి, అరికాళ్ళ నిండా బొబ్బలతో వచ్చింది. కాలిందని ఆమెకు తెలియదు.

మూడో నెలలో చాచా కూడా బొబ్బతోనే వచ్చాడు. మడమ పక్కన నిప్పురవ్వ పడింది. అది చూసి నాకు నా మీదే కోపం వచ్చింది. మంట ఉన్నన్నాళ్ళూ చాచీ రోజూ రాత్రి నూనె రాసేది, రాస్తూ అరికాళ్ళు చూసేది. మంట పోయాక నూనె మానేసింది, చూపూ మానేసింది. సూది నరాన్ని బాగుచేయదని చెప్పాను గానీ, చూడటం మానొద్దని గట్టిగా చెప్పలేదు. బొబ్బ మానడానికి ఐదు వారాలు పట్టింది.

నాలుగు నెలలు దాటేసరికి మంట మళ్ళీ తిరగబెట్టింది. రెండోసారి సూదికి వచ్చినప్పుడు చాచీ బురఖా లోంచి చేతి అద్దం తీసి నా బల్ల మీద పెట్టింది. చుట్టూ ఎర్ర లక్క అంచు, దాని మీద వరసగా రాళ్ళు. చాచా చేసిచ్చిందే. "రోజూ ఇషా నమాజు అయ్యాక చూస్తున్నాం. పెహ్లే ఆప్ దేఖో, సూయీ బాద్ మే" అంది.

అద్దం పట్టుకుని ఆయన అరికాళ్ళ ముందు కూర్చున్నాను.